పరిచర్య నుండి మరియొక పనికి

(ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవములలో మనము సాధారణముగా పరిచర్యలో ప్రవేశించిన వారిని తలంచుకొందుము. గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని, ఎండలో వానలో పల్లెలు తిరిగినవారిని పేరు పేరున జ్ఞాపకము చేసికొందుము. అది న్యాయమే. అయితే ఈ పూట నాకప్పగించిన విషయము వేరు. పది, పదిహేను, ఇరువది సంవత్సరములు ఉపదేశిగానో, కాపరిగానో, బైబిలు స్త్రీగానో సేవ చేసి, ఆ మీదట వేరొక పనికి పోదలచినవారి మాట ఇది. దీనిని గూర్చి మనము ఇండ్లలో గుసగుసలాడుదుము గాని సభలో మాటలాడము. అందువలన కష్టపడునది ఆ కుటుంబమే.

ఎందుకు పోదలచుదురు? ఒకరికి ఆరోగ్యము చెడినది, స్కూటరుమీద ఏడెనిమిది పల్లెలు తిరుగలేరు. ఒకరికి తల్లిదండ్రులు మంచమున పడిరి, బదిలీలమీద ఊరూరు తిరుగుట సాధ్యము కాదు. ఒకరికి పిల్లల చదువులు మీదపడినవి, వచ్చు జీతము చాలదు. మరియొకరికి తమ వరము ప్రసంగపీఠముకంటె బడిలోనో ఆసుపత్రిలోనో ఎక్కువగా ఉపయోగపడునని ఏండ్ల తరబడి ప్రార్థించిన తరువాత తెలిసినది. వీరందరిని ఒకే గాట కట్టి, నాగటిమీద చెయ్యి పెట్టి వెనుకకు చూచినవారని అనుట తగదు. ఆ వాక్యము మన హృదయములను పరీక్షించుకొనుటకు ఇయ్యబడినది గాని పొరుగువానిమీద రువ్వుటకు కాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల యింట ఉండి డేరాలు కుట్టెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. చేతి పని చేసినందున ఆయన అపొస్తలత్వము తగ్గలేదు.

మన ప్రాంతమునకు వత్తము. నేటి మహబూబాబాద్ జిల్లాలోనున్న డోర్నకల్ మనందరికి తెలిసిన రైలు జంక్షను. అక్కడి మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పల్లె కాపరి యింట పుట్టిరి. ఆయన మొదట గురువు కారు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పది సంవత్సరములకు మించి దక్షిణదేశమంతట తిరిగి పనిచేసిరి. పేరున్నది, స్నేహితులున్నారు, పని బాగుగా సాగుచున్నది. అట్టి సమయములో, సుమారు 35 ఏండ్ల వయస్సున, 1909లో ఆ ఉద్యోగము విడిచి, అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. తమిళుడైన ఆయన తెలుగును క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసిరి.

ఆయన వెళ్ళినది సంఘ సేవలోనికే గదా, బయటికి కాదు గదా అని మీరనవచ్చును. నిజమే. అయినను ఆ మార్పు వెనుకనున్న సిద్ధపాటును చూడుడి. తిరునెల్వేలి వారి ఇండియన్ మిషనెరీ సొసైటీ 1903లో స్థాపింపబడినది. దానిని స్థాపించుటలో ముఖ్యులైన అజరయ్యగారు ఆరు సంవత్సరముల తరువాతనే స్వయముగా పొలములోనికి వచ్చిరి. అంతవరకు చేతిలోనున్న పనిని నమ్మకముగా చేసిరి. క్రొత్త చోట ఏ సంఘము ఆధారమో, ఎవరికి లోబడవలెనో తెలిసికొని వచ్చిరి.

రెండవ మాదిరి చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్‌గారిది. ఆయన అభిషేకము పొందిన గురువు. 1904 నుండి ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఉపాధ్యాయులు. 1914లో ఆ పని విడిచి రవీంద్రనాథ ఠాగూరుగారి శాంతినికేతనమునకు వెళ్ళిరి. మరుసటి సంవత్సరమే ఫిజీ దీవులకు పోయి, చెరకు తోటలలో ఒప్పంద కూలీలు పడుచున్న బాధలను కన్నులార చూచి లోకమునకు తెలియజేసిరి. 1903 మొదలు మద్రాసు రేవు నుండి ఓడలెక్కిన తెలుగువారు కూడ ఆ కూలీలలో ఉండిరి. 1920లో ఆ ఒప్పందములు రద్దగుటకు ఆయన కృషి ఒక కారణము. దీనబంధు అని దేశము ఆయనను పిలిచినది. గురువుగా నేర్చిన వినికిడి, సాక్ష్యము, నిర్భయము ఆ పనిలో ఆయనకు తోడ్పడినవి.

కనుక పని మార్చుకొనుట పాపము కాదు. అయితే తొందరపడి, కోపముతో, దాచిపెట్టి మార్చుకొన్నచో కుటుంబము వీధిన పడును. ఇక నేను చెప్పదలచినది ఆ సిద్ధపాటును గూర్చియే. కనీసము రెండు మూడు సంవత్సరముల ముందుగానే ఆరంభింపవలెను.

మొదటిది ఇల్లు. కాపరి కాపురముండునది సంఘపు ఇల్లు. పని విడిచిన దినమున తాళపు చెవి అప్పగింపవలెను. ఇరువది ఏండ్లు ఇతరుల పిల్లలకు నామకరణములు, పెండ్లిండ్లు చేసిన మనిషికి తన పిల్లలను ఎక్కడ పడుకోబెట్టవలెనో తెలియని స్థితి వచ్చుచున్నది. అందుచేత ఉద్యోగముకంటె ముందు ఇంటిని గూర్చి ఆలోచింపవలెను. సొంత ఊరిలో తండ్రిగారి భాగమున్నదా? దాని కాగితములు ఎవరి పేరున ఉన్నవి? అద్దెకైతే నెలకెంత? ఆరు నెలల అద్దె, ఆరు నెలల తిండిఖర్చు చేతిలో లేకుండ రాజీనామా వ్రాయరాదు.

రెండవది డబ్బు లెక్క. మీ జీతములో ప్రావిడెంటు ఫండు కోయుచున్నారా, లేదా అని కార్యాలయములో అడుగుడి. కోయుచున్నట్లయితే యూఏఎన్ అను పన్నెండంకెల నంబరు మీకుండును. పని మారినప్పుడు ఆ సొమ్ము తీసికొని ఖర్చుపెట్టక క్రొత్త ఖాతాకు మార్పించుకొనవలెను. 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకములో నెలనెలా పెన్షను రావలెనన్న 10 సంవత్సరముల సర్వీసు ఉండవలెను. ఎనిమిదేండ్లకో తొమ్మిదేండ్లకో మానదలచినవారు ఈ ఒక్క సంగతి చూచుకొని అడుగు వేయుడి. ఫండు లేనివారు నిరాశపడనక్కరలేదు. జాతీయ పెన్షను పథకము 2009 మే 1 నుండి పౌరులందరికి తెరువబడినది. 2015లో వచ్చిన అటల్ పెన్షను యోజనలో 18 నుండి 40 ఏండ్లలోపు వారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చును. 60 ఏండ్ల తరువాత నెలకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు, కట్టినదానినిబట్టి వచ్చును. ఆదాయపు పన్ను కట్టువారికి 2022 అక్టోబరు నుండి ఇందులో క్రొత్తగా ప్రవేశము లేదు. రేషను కార్డు పాత పాస్టరేటు ఊరిలోనే ఉండిపోయినచో క్రొత్త ఊరికి మార్పించుకొనుడి. ఆరోగ్యశ్రీ వైద్యమును మన రాష్ట్రము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయల వరకు పెంచినది. కార్డు సరిగా లేనివారికి ఆసుపత్రి గుమ్మమున ఇబ్బంది కలుగును.

మూడవది చేతనైన పని. “నాకు ప్రసంగము తప్ప ఏమి వచ్చును?” అని కొందరు అయ్యగార్లు అందురు. ఒక కాగితము తీసికొని వ్రాయుడి. సంఘపు లెక్కలు వ్రాసితిరి, ఆడిటరుకు చూపితిరి. అన్నదమ్ముల తగవులు తీర్చితిరి. చావు ఇంటిలో ఏమి మాటలాడవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో నేర్చితిరి. హాస్టలు పిల్లలను పెంచితిరి. కలెక్టరు కార్యాలయములో దరఖాస్తు పెట్టి వెంటబడి పని చేయించితిరి. ఇవన్నియు పనులే, బయట వీటికి జీతమిచ్చువారున్నారు. ఒంగోలులో పనిచేసిన క్లౌగు దొరగారు మిషనెరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచిన సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును ఆయన కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి దొరకజేసిరి. పాత విద్య క్రొత్త పిలుపులో అక్కరకు వచ్చినది. ఈ దారిని ఆ దరినుండి ఈ దరికి కూడ నడువవచ్చును.

అయితే పట్టాలను గూర్చి జాగ్రత్త. సేరంపూరు సెనేటు బి.డి. గౌరవమైన చదువు. సేరంపూరు కాలేజీ 1818లో పుట్టినది. కాని సర్కారు బడిలో పంతులు కావలెనన్న బి.ఎడ్., టెట్ అడుగుదురు. ప్రతి నోటిఫికేషనులో అర్హత, వయోపరిమితి ముందు చదివి, ఆ తరువాతనే ఫీజు కట్టుడి. డిగ్రీ లేనివారు సేవలో ఉండగానే, 1982లో ఆరంభమై నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము అని పిలువబడుచున్న దానిలో చదువుకొనవచ్చును.

ఏ ఊరి అవకాశము ఆ ఊరిది. జనగామ వారికి రైలు ఉన్నది, హైదరాబాదుకు ఉదయము పోయి రాత్రికి తిరిగిరావచ్చును. పెంబర్తి ఇత్తడి పని వంటి చేతిపనులు ఆ చుట్టుపట్లనే ఉన్నవి. మహబూబాబాద్ వైపు మిర్చి, పత్తి, వరి. నాలుగెకరములున్న ఉపదేశికి వ్యవసాయము క్రొత్త కాదు, కాని బోరు అప్పు, పెట్టుబడి అప్పు లెక్క వేసికొని దిగవలెను. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నవి, చెల్పూరులో కరెంటు కేంద్రమున్నది. అక్కడి ఉద్యోగములు నోటిఫికేషనుమీద, పరీక్షమీద వచ్చును. “అయ్యగారూ, మూడు లక్షలిచ్చినచో పని ఇప్పించెదను” అని వచ్చు మధ్యవర్తిని గుమ్మములోనుండియే పంపివేయుడి. మీరు కూడబెట్టిన దంతయు ఒక్క పూటలో పోవును. గని ఊరిలో ఉద్యోగముకంటె బడి, హాస్టలు, దుకాణము, ట్యూషను నమ్మకమైన దారులు.

నాలుగవది చెప్పు పద్ధతి. మొదట భార్యకు, లేక భర్తకు చెప్పవలెను. తరువాత బిషప్పుగారికి. ఆ తరువాతనే కమిటీ పెద్దలకు, చివరకు సంఘమునకు. ఈ వరుస తప్పినచో మాట బజారున పడును. అభిషేకము వేరు, జీతము వేరు. జీతము మానిన తరువాత బలిపీఠము దగ్గర సహాయము చేయుటకు వీలున్నదా, ఏ షరతులమీద అని సంఘ నిబంధనలు చూచి, వ్రాతమూలకముగా అనుమతి అడుగవలెను. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము క్రింద పెండ్లిండ్లు జరిపించుటకు లైసెన్సు పొందినవారు అది ఇకమీదట చెల్లునో లేదో కనుగొనవలెను. వివాహ రిజిష్టరు, బాప్తిస్మపు పుస్తకము, బ్యాంకు పుస్తకము, భూమి కాగితములు జాబితా వ్రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము తీసికొని అప్పగించుడి. రెండేండ్ల తరువాత ఎవరో లెక్క అడిగినప్పుడు ఆ కాగితమే మీ పేరు నిలుపును. పోవుచు పోవుచు సంఘములో ఒక వర్గమును వెంటబెట్టుకొని పోకుడి. తరువాత వచ్చు కాపరికి చోటిచ్చి, కొంతకాలము ఆ సంఘపు తగవులలో తల దూర్చకుండుడి.

ఇప్పుడు సంఘస్థులారా, మీతో ఒక మాట. ఇంతవరకు చెప్పినదంతయు సేవకుడు చేయవలసినది. సగము పని మీ చేతిలో ఉన్నది. నిన్నటివరకు అయ్యగారు అని పిలిచి, ఈ రోజు దుకాణములో కూర్చున్నందున పేరుపెట్టి పిలువకుడి. అమ్మగారిని స్త్రీల కూటమిలో వెనుక బల్లకు నెట్టకుడి. వారి పిల్లలు సండేస్కూలులో ఈ మాటలు వినుచున్నారు. కాపరిగారి పిల్లలలో ఎవరైన రేపు సేవకు రావలెనా వద్దా అన్నది, వారి తండ్రిని మీరు ఎట్లు సాగనంపితిరో దానిమీద చాలవరకు ఆధారపడియున్నది. అభ్యర్థులు దొరకుటలేదని సభలలో మనము బాధపడుదుము. ఇంత సేవ చేసినవానికి ఇదేనా ఫలమని యింటిలో చూచిన పిల్లవాడు ఎట్లు వచ్చును?

డోర్నకల్ పల్లె సంఘములు పిడికెడు బియ్యము, కోత పండుగ కానుకలు తెచ్చి తమ పనిని పోషించుకొనుట నేర్చినవి. ఆ పాఠము మనకున్నది. శతాబ్ది జ్ఞాపకార్థముగా రాతి పలకలు వేయుచున్నాము, మంచిదే. వాటితో పాటు ప్రతి పాస్టరేటు తన లెక్కల పుస్తకములో సేవకుల ఇంటి నిధి అని ఒక పేజీ తెరువవలెనని మనవి. నెలకు ఇంటికి 20 రూపాయలు చొప్పున 100 కుటుంబములు వేసినచో సంవత్సరమునకు 24,000 రూపాయలగును. పది సంవత్సరములు సేవ చేసిన కాపరి వెళ్ళునప్పుడు, విరమణకైనను వేరొక పనికైనను, రెండు లక్షల నలుబది వేలు చేతిలో పెట్టి ప్రార్థన చేసి పంపవచ్చును. వడ్డీ వేరుగా ఉండనే ఉన్నది. దండలు, శాలువలు తరువాత వేయవచ్చును.

సేవకులారా, మీలో ఎవరైన ఈ భారమును ఒంటరిగా మోయుచున్నట్లయితే, ఈ రాత్రి ఇంటికి పోయి మీ భార్యతో, మీ భర్తతో కూర్చుండి, ఇల్లు, డబ్బు, చదువు అని మూడు వరుసలు గీసి వ్రాయుడి. వ్రాసిన తరువాత పరిచర్యలోనే ఉండవలెనని మీకు తోచిననూ మేలే. అప్పుడు భయముతో కాక ఇష్టముతో ఉందురు.

ప్రభువు మన సేవకులను, వారి ఇండ్లను దీవించును గాక. ఆమేన్.