బడిపంతుళ్ల మనవి



మేము బెంగళూరులోని కన్నడ ప్రాథమిక పాఠశాలలలో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులము. సంఘమువారు మా వృత్తిని గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇవి మా అందరి తరఫున చెప్పే మాటలు.

మా తరగతులలో తెలుగు ఇండ్ల పిల్లలు చాలమంది. అనంతపురము, కర్నూలు, పాలమూరు ప్రాంతాలనుండి ఇండ్లు కట్టే పనికి వచ్చినవారి బిడ్డలు. మొదటిరోజున కన్నడములో పేరడిగితే ఆరేళ్ల పసివాడు తల వంచుకొని నిలబడతాడు. ‘నీ పేరేమి నాయనా?’ అంటే చాలు, తల ఎత్తుతాడు.

అక్కడినుండి పని తేలిక. తెలుగు ‘ప’ చాలచోట్ల కన్నడములో ‘హ’ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పల్లె హళ్ళి, పలక హలగె. ఈ కిటుకు చెప్పినామో లేదో, పిల్లలు తామే మాటలు తయారుచేయసాగినారు. మధ్యాహ్న భోజనమువేళ ఒక పిల్ల ‘హప్పు హాకి అమ్మా’ అన్నది. వడ్డించే ఆమె తెల్లబోయినది. కన్నడమువారి పప్పు బేళె కదా! నవ్వాపుకొనుట మావల్ల కాలేదు.

లిపులు కూడ దగ్గరి చుట్టాలే. కన్నడము చదువ నేర్చిన బిడ్డ తెలుగు సినిమా గోడపత్రిక కూడబలుక్కొని చదివి, పరుగున వచ్చి చెప్పిననాడు మాకు జీతము సంగతే గుర్తుండదు.

ఇక కష్టములు. ఒకటి, రెండు, మూడు తరగతులను ఒకేచోట కూర్చుండబెట్టి ‘నలి-కలి’ పద్ధతిలో చెప్పవలెను. పాటలు, కార్డులు, నిచ్చెన మెట్లవంటి పాఠాలు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైన మంచి పద్ధతి. గొంతు మాత్రము మాది. పైగా భోజనపు లెక్కలు, పాల లెక్కలు. 2009 విద్యాహక్కు చట్టము ఎన్నికలు, జనాభా లెక్కలు, విపత్తుల సాయము తప్ప మాకు వేరు పని చెప్పరాదన్నది. ఆ మూడే ఎంత పనో చట్టము వ్రాసినవారు ఒకసారి చేసి చూచిన బాగుండును.

ఇవన్నీ ఓర్చుకొనవచ్చును. ఓర్చలేనిది హాజరుపట్టీలో ఖాళీ గడి. కట్టడము పూర్తికాగానే కుటుంబము కదులుతుంది. ఉగాదికి ఊరికి పోయినవారిలో కొందరు తిరిగిరారు. ‘హప్పు’ అడిగిన పిల్ల అట్లే వెళ్ళిపోయినది. దాని నిచ్చెన సగములో ఆగినది. ఊరిబడిలో చేరినదో, తమ్ముణ్ణి ఎత్తుకొని మరొక కట్టడముదగ్గర కూర్చున్నదో మాకు తెలియలేదు. చేరినా, వచ్చినవి కన్నడ అక్షరాలు. ముందున్నది తెలుగు వాచకము.

అందుచేత ఈ మనవి. మీ ఇండ్లు కట్టేవారు, మీ వీధి చివర రేకుల షెడ్లలో ఉండేవారు మనవారే. ఊరికి పోతున్నామన్నప్పుడు ‘బిడ్డ బడి సంగతేమి?’ అని ఒక్కమాట అడగండి. టీసీ తీసుకొని పొమ్మనండి. అది చేతిలో లేకున్నా చేర్చుకొనుటలో ఆలస్యము చేయరాదనీ, వయస్సుకు తగిన తరగతిలో చేర్చవలెననీ ఆ చట్టమే చెప్పుతున్నది. ఈ మాట వారికి తెలియదు, చెప్పేవారూ లేరు.

ఆంధ్రలో బడులు సామాన్యముగా జూన్ 12న తెరుస్తారు. వేసవి సెలవులలో ఈ పిల్లలచేత తెలుగు అక్షరాలు దిద్దించగలవారు సభ ముగిసిన తరువాత మమ్ము కలియండి. పలకలు మేము తెస్తాము.