కాస్ట్లీ బండికి పార్టులు: ముందు నంబర్ చదవండి, తర్వాత పర్సు తీయండి

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బండి మంచి రేటుకి వస్తోంది, తీసుకోవచ్చా?" అని. తీసుకోవడం ఈజీనే. తీసుకున్నాక ఒకరోజు లోపల ఏదో చిన్న పార్టు పోతుంది. బండి అసలు రేటు ఎంతో ఆ రోజు తెలుస్తుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం. ఇందులో నేను డబ్బులు మిగుల్చుకున్న కథ ఉంది, నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా ఉంది. రెండూ చెప్తాను.

నా బండి 650 సీసీ, ట్విన్ సిలిండర్, జపాన్ కంపెనీది. ఏ కంపెనీ అనేది ఇక్కడ ముఖ్యం కాదు. జాబ్‌లో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలనెలా జీతం పడుతున్నంత కాలం సర్వీస్ బిల్లు ఎంతొచ్చినా కార్డు గీకేసి వచ్చేవాణ్ణి. బిల్లులో ఏముందో కూడా చూడలేదు. తర్వాత జాబ్ మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఆదాయం సంగతి చెప్తే మీరు నవ్వుతారు. సరిగ్గా అప్పుడే ముందు చక్రంలోంచి గుర్‌మని సౌండ్ మొదలైంది. అరవై దాటితే ఇంకా ఎక్కువ.

షోరూమ్‌కి తీసుకెళ్ళాను. వీల్ బేరింగులు పోయాయన్నారు. రెండు బేరింగులు, సీల్స్, లేబర్ అన్నీ కలిపి ఎస్టిమేట్ రూ. 7,460. పైగా స్టాక్ లేదు, ఆర్డర్ పెడితే ఆరు వారాలు. ఎస్టిమేట్ కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అడగాలనుకున్నది వేరే. బండి అమ్మేద్దామనుకుంటున్నా, ఏమంటావ్ అని అడుగుదామని.

నాన్న ఖమ్మం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఆ బండి కొన్నానని తెలిసినప్పుడు రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మేయమంటారనే అనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే: "బేరింగ్ మీద నంబర్ ఎంతుందిరా?"

నాకు తెలీదన్నాను.

"నంబర్ చూడకుండా రేటెట్ల ఒప్పుకున్నవ్? చక్రం విప్పించి చూడు. చూసి ఫోన్ చెయ్."

మా వీధి చివర మెకానిక్ భాయ్ దగ్గర చక్రం విప్పించాం. బేరింగ్ పక్కన గ్రీజు తుడిస్తే చిన్న అక్షరాలు: 6004 2ఆర్‌ఎస్. ఫోన్‌లో చదివి చెప్పాను. ఆయన ఒక్క సెకను కూడా ఆగలేదు. "ఇరవై మిల్లీమీటర్ల యాక్సిల్. బయట నలభై రెండు. మందం పన్నెండు. రాణిగంజ్ పో, దొరుకుతది."

నేను బీటెక్ మెకానికల్ కాదు, ఈసీఈ. కానీ ఇది ఏ బ్రాంచ్ వాళ్ళకైనా ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. బాల్ బేరింగ్ నంబర్‌లో చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం సైజు. 04 నుంచి పైకి ఐదుతో గుణించండి. 04 అంటే 20 మిల్లీమీటర్లు, 05 అంటే 25. దానికంటే కింద నాలుగు మాత్రం గుర్తుపెట్టుకోవాలి: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ముందున్న 60, 62, 63 అనేవి సిరీస్. లోపలి రంధ్రం అదే, బయట సైజు పెరుగుతూ పోతుంది. 6004 బయట 42, 6204 బయట 47, 6304 బయట 52. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీల్ ఉందని. చివర్లో సీ3 అని ఉంటే లోపల సందు మామూలు కంటే కొంచెం ఎక్కువ ఉంచారని. అది రాసి ఉంటే అదే కొనండి, వదిలేయకండి.

ఈ నంబర్లు మోటార్‌సైకిల్ కంపెనీవి కావు, ప్రపంచమంతా వాడే స్టాండర్డ్. ఎస్‌కేఎఫ్ తయారుచేసినా, ఎన్‌ఎస్‌కే తయారుచేసినా 6004 కొలతలు 6004వే. నీళ్ళ మోటార్‌లో ఉన్నా, నా బండిలో ఉన్నా అంతే. నేను సాఫ్ట్‌వేర్ రాసినప్పుడు కూడా ఇదే జరిగేది. క్లయింట్‌కి ఇచ్చేది మా కంపెనీ పేరుతో, లోపల సగం లైబ్రరీలు అందరూ వాడేవే.

రాణిగంజ్‌లో బేరింగుల షాపుకి వెళ్ళి నంబర్ చెప్పాను. మంచి కంపెనీవి రెండు, బిల్లుతో సహా, ఆరువందల లోపు అయిపోయాయి. అక్కడే సీల్స్ కూడా తీసుకున్నాను. ఆయిల్ సీల్ మీద మూడు అంకెలు ఉంటాయి, ఉదాహరణకి 28-42-7. లోపలి సైజు, బయటి సైజు, మందం. అంతే. బిగించేటప్పుడు నాన్న వీడియో కాల్‌లో ఉన్నారు. "లోపలి రింగు మీద సుత్తి పెట్టకు, బయటి రింగు మీదనే కొట్టు" అని పదిసార్లు చెప్పారు. హబ్‌లోకి బేరింగ్ దించేటప్పుడు లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ మీద పడుతుంది. కొత్త బేరింగ్ మొదటి రోజే పాడవుతుంది. లేబర్‌తో కలిపి మొత్తం రూ. 1,150. గుర్‌మనే సౌండ్ పోయింది.

ఒక జాగ్రత్త. బేరింగుల్లో నకిలీలు బాగా ఉన్నాయి. డబ్బా మీద ప్రింట్ చూసి నమ్మొద్దు. ఎస్‌కేఎఫ్ వాళ్ళకి ఆథెంటికేట్ అని ఒక యాప్ ఉంది. అందులో ఫోటోలు పెట్టి అసలుదో నకిలీదో కనుక్కోవచ్చు. వీధి మీద కాకుండా డీలర్ దగ్గర బిల్లుతో కొనండి.

ఇక అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. బండిలో ప్రతి దాని మీదా నంబర్ వెతకడం మొదలుపెట్టాను.

చైన్ మీద 520 అని ఉంటుంది. మొదటి 5 అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 5/8 అంగుళం. వెనకున్న 20 అంటే లోపలి వెడల్పు పావు అంగుళం. చైన్ కంపెనీ నుంచే కొనొచ్చు, మీ బండికి ఎన్ని లింకులో చూసుకుంటే చాలు. హెడ్‌లైట్ బల్బు మీద హెచ్4, హెచ్7 అని ఉంటుంది. అదీ స్టాండర్డే. బోల్టు తల మీద 8.8, 10.9 అని ఉంటుంది. అది దాని బలం. 10.9 ఉన్నచోట 8.8 పెట్టకండి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. చాలా బైకుల్లో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి, చవగ్గా వస్తోందని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

మరి బండి కంపెనీ మాత్రమే తయారుచేసే పార్టుల సంగతి? వాటికి పార్ట్ నంబర్ ఉంటుంది. పెద్ద కంపెనీల బళ్ళకి ఆన్‌లైన్‌లో బొమ్మలతో కేటలాగులు దొరుకుతాయి. ఒక్కో భాగం విప్పి పరిచినట్టు బొమ్మ, పక్కన నంబర్లు. షోరూమ్‌కి వెళ్ళే ముందే మీ పార్టు నంబర్ రాసుకోండి. ఆ నంబర్‌ని సెర్చ్ చేస్తే అదే పార్టు ఇంకా ఏయే మోడళ్ళలో ఉందో తెలుస్తుంది. హోండా పార్ట్ నంబర్‌లో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం పార్టో చెప్తాయి. మధ్యలో ఉండే మూడు అక్షరాలు అది మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెప్తాయి. అంటే మీ ఖరీదైన బండిలో పార్టు నిజానికి వేరే చిన్న బండి కోసం పుట్టి ఉండొచ్చు. ఇంకో ఉదాహరణ. కవాసాకి నింజా 300కి, నింజా 650కి, నింజా 1000కి సరిపోయే ఆయిల్ ఫిల్టర్ ఒక్కటే. "లీటర్ బైక్ ఫిల్టర్" అని అడిగితే ఒక రేటు, నంబర్ చెప్పి అడిగితే ఇంకో రేటు చెప్పే షాపులు నేను చూశాను.

ఇంతవరకు బాగుంది కదా. ఇప్పుడు నా తప్పు.

బేరింగుల్లో ఆరు వేలు మిగిలేసరికి నాకు గర్వం వచ్చింది. ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగాయి. ఒరిజినల్ రేటు చూశాను, ఆన్‌లైన్‌లో వెతికాను. చూడ్డానికి అచ్చం అదే షేపు, నాలుగో వంతు రేటు. ఐదుకి నాలుగున్నర స్టార్లు. ఆర్డర్ పెట్టి నేనే మార్చుకున్నాను. సిటీలో రెండు వారాలు తిరిగాను, ఏ ప్రాబ్లమూ లేదు. "చూశావా, ఇదీ బేరింగ్ లాంటిదే" అనుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం మా బాబాయి కొడుకుని వెనక ఎక్కించుకుని వికారాబాద్ అనంతగిరి కొండలకి వెళ్ళాను. దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేక్ పడుతూనే ఉంది. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా ఆటో ఆగి ఉంది. బ్రేక్ పట్టాను. లివర్ గట్టిగానే ఉంది. బండి మాత్రం ఆగట్లేదు. ఇంకా గట్టిగా పట్టాను. వేలు నొప్పి పుట్టింది కానీ బండి ఆగట్లేదు. గేర్లు దించి, వెనక బ్రేక్ తొక్కి, మట్టిలోకి దింపేశాను. ఆటోకి జానెడు దూరంలో ఆగాం. ఆటోలో వెనక సీట్లో ఒక అమ్మ, ఒళ్ళో పాప. తమ్ముడు దిగి "భలే ఆపావ్ అన్నా" అని నవ్వుతున్నాడు. నాకు కాళ్ళు వణుకుతున్నాయి. నేను ఆపలేదు, మట్టి ఆపింది.

ఇంటికొచ్చి ఆ ప్యాడ్లు విప్పి చూశాను. మంచి ప్యాడ్ల వెనక ప్లేట్ మీద చాలావాటికి రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి: జీజీ, హెచ్‌హెచ్ అని. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పుడు ఎంత పట్టు, రెండోది వేడెక్కాక ఎంత పట్టు. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ, జీ కంటే హెచ్ ఎక్కువ. నా ప్యాడ్ల మీద ఏమీ లేదు. కంపెనీ పేరు లేదు, కోడ్ లేదు. సిటీలో రెండు వారాలు నేను టెస్ట్ చేసింది మొదటి అక్షరాన్ని. కొండ మీద పరీక్ష పెట్టింది రెండోదానికి.

నంబర్ చదవమని నాన్న చెప్పిన పాఠాన్ని, రేటు చూడగానే మర్చిపోయాను. ఈ విషయం ఆయనకి చెప్పడానికి నెల పట్టింది. తిడతారనుకున్నా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు: "బేరింగ్ పోయేటప్పుడు సౌండ్ చేసి చెప్తది. బ్రేక్ చెప్పదు. చెప్పి పోయేదాని దగ్గర బేరమాడు. చెప్పకుండ పోయేదాని దగ్గర బేరమాడకు."

అప్పటి నుంచి నా లెక్క మూడు లిస్టులు.

మొదటిది, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ హోసులు, టైర్లు. వీటిలో బండి కంపెనీ ఒరిజినల్ గానీ, పేరున్న తయారీదారు గానీ, అంతే. ఇక్కడ కూడా కొంచెం మిగుల్చుకోవచ్చు. నిస్సిన్, బ్రెంబో లాంటి కాలిపర్ పేరు, ప్యాడ్ షేపు చూసుకుని పేరున్న ప్యాడ్ కంపెనీ దగ్గర కొనండి. కానీ పేరు లేనిది ఎంత చవకైనా వద్దు.

రెండోది, బేరింగులు, సీల్స్, చైన్, ఫిల్టర్లు, బల్బులు, బ్యాటరీ. స్టాండర్డ్ నంబర్ చూసుకుని, మంచి కంపెనీవి, డీలర్ దగ్గర, బిల్లుతో. ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. ఇవీ ప్రాణం మోసేవే. అందుకే రేటు తగ్గించుకోండి, క్వాలిటీ తగ్గించుకోకండి.

మూడోది, ఫెయిరింగ్ ప్యానెళ్ళు, మిర్రర్లు, సీటు, ఇండికేటర్లు. ఇవి పాతవి కొన్నా పర్లేదు. చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్ లాంటి చోట్ల వెతికితే దొరుకుతాయి. అయితే పాత పార్టు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, బిల్లు తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ ఉన్న ముక్కలైతే ముట్టుకోకండి.

ఇక మొదటి ప్రశ్న. పెద్ద బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా? కొనే ముందు ఒక పని చేయండి. ఆ మోడల్ ముందు బ్రేక్ ప్యాడ్లు, రెండు టైర్లు, చైన్ సెట్ ఎంతో కనుక్కోండి. ఆ మొత్తం ఇప్పుడు మీ అకౌంట్‌లో విడిగా ఉంటే బండి తీసుకోండి. లేకపోతే ఆగండి. బండి ఎక్కడికీ పోదు.

నా బండి ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న ఊరెళ్ళినప్పుడు నాన్న మొదటిసారి దాని చుట్టూ తిరిగి చూశారు. ముందు చక్రం పైకి లేపించి చేత్తో తిప్పారు. చెవి దగ్గర పెట్టి విన్నారు. "మంచిగ కూర్చుంది" అన్నారు. తర్వాత బ్రేక్ దగ్గర వంగి, ఫోన్ టార్చ్ వేయమని, ప్యాడ్ వెనక అక్షరాలు చదివారు. అవి చదివాకే వెనక సీటు ఎక్కారు.

ఇవాళ మీ బండి దగ్గరకెళ్ళి ఏదో ఒక పార్టు మీద నంబర్ వెతికి చదవండి. అంతే హోంవర్క్. హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ బిగించుకోండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.