పిల్లల వెన్ను - పుస్తకాల బరువు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణం విన్నాము. మన ఆదాయ వ్యయాలు తెలుసుకొన్నాము. ఇక మన పిల్లలు వీపున మోస్తున్న బరువును గురించి కూడ నాలుగు మాటలు చెప్పుకొందాము. వేసవి సెలవులు గడిచి బడులు తెరిచేలోగా ఆలోచించుకోవలసిన విషయమిది.

2016 ఆగస్టులో ఈ చంద్రపూర్‌లోనే 7వ తరగతి చదువుతున్న ఇద్దరు పిల్లలు పత్రికలవారిని పిలిచి తమ కష్టం చెప్పుకొన్నారు. 8 విషయాలకు రోజూ 16 పుస్తకాలైనా మోయవలసి వస్తున్నదనీ, సంచి 5 మొదలు 7 కిలోల దాకా తూగుతున్నదనీ, దానితో మూడవ అంతస్తు ఎక్కేసరికి అలసిపోతున్నామనీ అన్నారు. సంచి బరువు పిల్లవాని బరువులో పదవ వంతు మించరాదని మహారాష్ట్ర ప్రభుత్వం 2015 జూలైలోనే ఉత్తరువు చేసి ఉన్నది. ఉత్తరువు కాగితం మీద ఉన్నది, బరువు వీపు మీద ఉన్నది.

ఈ మొర కొత్తది కాదు. 1989లో రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల పుస్తకాల మోతను గురించి మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ సంఘం బరువు లేని చదువు కావాలని నివేదిక ఇచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం బడిసంచి విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం 1, 2 తరగతుల సంచి 2.2 కిలోలు, 6, 7 తరగతులది 3 కిలోలు, 10వ తరగతిది 4.5 కిలోలు మించరాదు. బాలవాడి పిల్లలకు సంచే అక్కరలేదు.

బరువు మితిమీరితే పిల్లవాడు ముందుకు వంగి, మెడ చాచి నడుస్తాడు. ఒక్క భుజానికే తగిలించుకొంటే పక్కకు ఒరుగుతాడు. మెడ, భుజాలు, నడుము నొప్పి పుడతాయి. అయితే సంచి మోసినంత మాత్రాన వెన్ను శాశ్వతంగా వంకరపోతుందని శాస్త్రం తేల్చలేదు. కనుక బెంబేలు పడవద్దు.

వెన్ను పక్కకు వంగే జబ్బు వేరే ఉన్నది. పిల్లలు త్వరత్వరగా పొడుగెదిగే వయస్సులో, అంటే 10 మొదలు 15 ఏళ్ళ మధ్య, అది కొందరిలో బయటపడుతుంది. చాలామందిలో దానికి కారణం తెలియదు. దానిని తల్లులే కనిపెట్టవచ్చును. పాదాలు కలిపి, మోకాళ్ళు మడవకుండా పిల్లను ముందుకు వంగమని వెనుకనుండి చూడండి. వీపు ఒక పక్క ఎత్తుగా కనబడితే ఎముకల వైద్యునికి చూపించండి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, కాళ్ళ తిమ్మిరి, జ్వరంతో కూడిన నడుము నొప్పి ఉంటే ఆలస్యం తగదు.

“నిటారుగా కూర్చో!” అని రోజుకు పదిసార్లు గదమాయిస్తాము. ఆ మాట వాడు రెండు నిమిషాలు వింటాడు. వెన్నును నిలబెట్టే కండరాలకు బలం ఆటలవల్ల వస్తుంది. 5 మొదలు 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన చెడుగుడు, తొక్కుడుబిళ్ళ ఉన్నాయి, ఇక్కడి ఖోఖో ఉన్నది. ఈ ఊరి ఎండకు ఉదయమో, పొద్దు వాలిన తరువాతో ఆడనివ్వండి. చదివేటప్పుడు పుస్తకం ఒళ్ళో కాక పీట మీద పెట్టించండి. కుర్చీలో కాళ్ళు వేలాడుతుంటే కాళ్ళకింద పీట వేయండి. ఫోను చూసేటప్పుడు తల వాల్చక, ఫోనునే కంటి ఎత్తుకు తేవాలి. అరగంటకొకసారి లేచి తిరగాలి.

మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ, ఇంగ్లీషు. భాషలు పెరిగినకొద్దీ పుస్తకాలూ పెరుగుతాయి. తెలుగు తప్పక నేర్పించండి, కాని ఆ పుస్తకం బడిసంచిలోకి పోనివ్వకండి. తాతయ్య, నాయనమ్మల నోటినుండి వచ్చే తెలుగుకు బరువు లేదు.

సంచిని ఒకసారి కిరాణా కొట్టులో తూకం వేయించండి. 30 కిలోల పిల్లవానికి 3 కిలోలే హద్దు. ఆనాటి పాఠాలకు అక్కరలేనివి తీసివేయండి. రెండు వెడల్పు పట్టీలున్న సంచి కొనండి. బరువు పుస్తకాలు వీపునకు ఆనేటట్లు సర్దండి. లీటరు నీరు ఒక కిలో బరువు. చంద్రపూర్ ఎండలో నీళ్ళు తగ్గించుకొమ్మనలేము కదా! అందుచేత బడిలో మంచినీరు, పుస్తకాలు దాచుకొనే అర, పాఠాల పట్టికలో సర్దుబాటు కావాలని అడగాలి. ఒక తండ్రి వెళ్ళి అడిగితే అది ఫిర్యాదు అవుతుంది. పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళితే అది ఆలోచన అవుతుంది.

ఆ ఇద్దరు పిల్లలు తమ మాట వినిపించడానికి పత్రికల దాకా పోవలసి వచ్చింది. మన పిల్లల మాట మన ఇంట్లోనే వినబడుగాక.