విదేశ విద్యార్థులు - ఆదాయపు పన్ను
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పూర్వము మనవారు విద్యకై కాశికి బోయిరి. పిమ్మట చెన్నపురికి బోయిరి. నేడు మన బిడ్డలు అమెరికాకు బోవుచున్నారు. పొలమమ్మియో, బ్యాంకున ఋణము దెచ్చియో వారిని పంపిన తలిదండ్రులు ఈ సభయందనేకులు గలరు. సీటును గూర్చియు వీసాను గూర్చియు నెలలతరబడి విచారించు మనము, అచ్చట వారార్జించు స్వల్పధనముపై పన్ను ఎట్లు లెక్కింపబడునో ఒక్కదినమైనను విచారింపము. కావున ఆ విషయమునే నేడు విన్నవింపదలచితిమి.

ఎఫ్-1 వీసాపై మొదటిసారి అచ్చటికేగిన విద్యార్థి సాధారణముగా ఐదు క్యాలెండరు సంవత్సరములు పన్నుల చట్టమునకు 'నాన్-రెసిడెంటు', అనగా అనివాసి. ఒక సంవత్సరమున ఒక్కదినమున్నను అది పూర్ణసంవత్సరముగనే లెక్కకు వచ్చును. 2021 ఆగస్టులో వెళ్లినవానికి 2025తో ఐదును నిండినవి. 2026 జనవరి మొదలు అతడచ్చటనున్న దినములు లెక్కింపబడును. 183 దినముల నియమము పూర్తియైనచో అతడు పన్ను విషయమున నివాసియగును. చదువు ముగిసి ఓపీటీ అనుమతితో ఉద్యోగము చేయుచున్నను, ఎఫ్-1 స్థితి యుండువఱకు ఈ లెక్కయే వర్తించును.

అనివాసి పంపవలసిన పత్రము 1040-ఎన్ఆర్, దానితోబాటు 8843. ఒక్క డాలరైన సంపాదింపనివాడును 8843ను పంపితీరవలయును. జీతము గలవారికి గడువు ఏప్రిల్ 15. లేనివారికి జూన్ 15.

ఇక మనవారికి గల హక్కులు రెండు. 1989లో భారత అమెరికా ప్రభుత్వములు చేసికొనిన పన్నుల ఒప్పందములోని 21వ అధికరణము ననుసరించి, భారతీయ విద్యార్థి అనివాసియయ్యును 'స్టాండర్డు డిడక్షను' పొందవచ్చును. ఒంటరివానికి 2024 సంవత్సరపు ఆదాయముపై అది 14,600 డాలర్లు. ఇతర దేశముల విద్యార్థులలో పెక్కురకు ఈ సౌకర్యము లేదు. రెండవది: అనివాసియైన ఎఫ్-1 విద్యార్థి తనకు అనుమతింపబడిన పనిపై సోషల్ సెక్యూరిటీకి నూటికి 6.2, మెడికేరుకు 1.45 చెల్లింపనక్కఱలేదు. వేయి డాలర్లకు ఇది 76 డాలర్ల 50 సెంట్లు. యజమాని పొరబాటున పట్టుకొనినచో ముందు ఆయననే అడుగవలయును. ఆయన ఈయనిచో 843 పత్రముతో ప్రభుత్వమును కోరవచ్చును. హెచ్-1బీకి మారిన దినమునుండి మాత్రము ఈ మినహాయింపు పోవును. రాష్ట్రపు పన్ను వేఱు. టెక్సాసు, ఫ్లోరిడాలలో జీతముపై అది లేదు, కాలిఫోర్నియా, న్యూయార్కులలో కలదు.

హక్కు చెప్పినపుడు ధర్మమును చెప్పకుండుట న్యాయము కాదు. కొందఱు అనివాసులు తెలిసియో తెలియకయో నివాసులు పంపు 1040 పత్రమును పంపి, చదువు ఖర్చులకై నివాసులకిచ్చు రాయితీని 2,500 డాలర్లవఱకు పొందుచున్నారు. "మాకు వచ్చినది, నీవును తెచ్చుకొనుము" అని మిత్రులు చెప్పుదురు. అది మన సొమ్ము కాదు. ఋణశేషము అగ్నిశేషమువలె పెరుగునని పెద్దలందురు గదా! పది సంవత్సరముల పిమ్మట స్థిరనివాసము కోరునపుడు పాతపత్రములను అడుగవచ్చును. పొరబడినవారు 1040-ఎక్స్ పత్రముతో తామే ముందుగా దిద్దుకొనుట మేలు. అనుమతి లేక అంగళ్లలో రొక్కమునకు పని చేయుట మఱియు ప్రమాదకరము. పన్ను చెల్లించినంతమాత్రమున ఆ పని సక్రమము కాజాలదు, చెల్లింపకున్నచో దోషము రెండగును.

తుమ్మెద పూవును నొప్పింపక తేనె గ్రహించునట్లు రాజు పన్ను గొనవలెనని మన నీతివేత్తలు చెప్పిరి. ఇచ్చువాడును తన లెక్క తానెఱిగి ఇయ్యవలయును. అధికముగా నిచ్చి అజ్ఞానముచే నష్టపడరాదు. తక్కువగా నిచ్చి భయముతో బ్రతుకరాదు.

సంఘమునకు మా మనవి ఒక్కటి. అచ్చట స్థిరపడిన మనవారిలో లెక్కలెఱిగినవారు అనేకులు గలరు. వారిలో నలుగురైదుగురు ప్రతి సంవత్సరము జనవరి మొదలు మార్చివఱకు క్రొత్తగా వచ్చిన విద్యార్థులకు ఈ పత్రముల సంగతి బోధించునట్లు ఏర్పాటు చేయుడు. ఇందులకు ధనము కంటె శ్రద్ధయే ఎక్కువ కావలెను. తలిదండ్రులును ఫోనులో "అన్నము తింటివా?" అని అడుగుటతోబాటు, ఆ మాసములలో "పత్రము పంపితివా?" అనియు అడుగుదురుగాక!

స్వస్తి.