ఆకలి, చట్టము, బానిసత్వము

(ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో తెలుగువారి సమావేశానికై రచించిన ప్రసంగ పాఠం)



ప్రేమ్ బజార్ నుండి కొద్ది దూరం వెళ్ళినచో హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనం కానవస్తుంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులైన సంగతి, 1951లో ఆ కట్టడంలోనే దేశంలోని మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైన సంగతి ఇక్కడి విద్యార్థులకు తెలిసినవే. ఈ రెండింటి నడుమ గడచిన కాలాన్ని గురించి మాత్రం ఎవరూ అంతగా ముచ్చటించరు.

1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని తుపాను, ఉప్పెన ముంచివేశాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 14,500 మంది ప్రజలు, 1,90,000 పశువులు నశించాయి. జపాను సేనలు వస్తాయనే భయంతో తీర ప్రాంతాలలోని పడవలను, బియ్యాన్ని ప్రభుత్వం అంతకు పూర్వమే తొలగించి ఉన్నది. మరుసటి యేడు వంగదేశమంతటా కరవు. మరణించినవారు 15 లక్షలని విచారణ సంఘం తేల్చగా, తరువాతి పరిశోధకులు పలువురు ఆ సంఖ్యను 30 లక్షల వరకు చెప్పారు.

చనిపోయినవారిని లెక్కించారు, అమ్ముడుపోయినవారిని సరిగా లెక్కించినవారు లేరు. భర్తలు విడిచిపోయిన స్త్రీలను, తల్లిదండ్రులు లేని బాలికలను దళారులు అన్నం పెడతామని, పని ఇప్పిస్తామని చెప్పి కలకత్తా వేశ్యావాటికలకు, సైనిక శిబిరాల పరిసరాలకు తరలించారు. 1944లో ఖరగ్‌పూర్ కూడ అమెరికా బాంబర్ దళానికి కేంద్రమైనది. ఆ స్త్రీల చేతులకు సంకెళ్ళు వేయవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. గుప్పెడు గంజి చాలినది. చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943లో ఈ జిల్లాలో కాలినడకన తిరిగి, చూచినదానిని బొమ్మలతో సహా పుస్తకంగా వెలువరించగా, బ్రిటిషు ప్రభుత్వం దానిని జప్తు చేసినది. మహిళా ఆత్మరక్షా సమితి సభ్యురాళ్ళు గంజి కేంద్రాలు నడిపారు, నిరాశ్రయ స్త్రీలకు ఆశ్రయం కల్పించడానికి పాటుపడ్డారు. అయినను, బ్రతికి తిరిగి వచ్చినవారిలో అనేకులను వారి కుటుంబాలే గడప దాటనీయలేదు. కరవు చేసిన గాయం కంటె ఇది లోతైనదేమో!

అప్పటికి చట్టం లేక కాదు. 1843 నాటి చట్టం బానిసపై యజమానికి గల హక్కును న్యాయస్థానాలు గుర్తించరాదన్నది. 1860 నాటి శిక్షాస్మృతి 370వ సెక్షను బానిసల క్రయవిక్రయాలను, 372, 373 సెక్షన్లు వ్యభిచారానికై మైనరు బాలికలను అమ్మడాన్ని, కొనడాన్ని నేరాలుగా ప్రకటించినవి. అంటే 80 ఏండ్ల క్రిందటి చట్టాలు గ్రంథాలలో ఉండగానే ఈ వ్యాపారం సాగినది.

దీనిని వంగదేశపు కథగా మాత్రమే విని ఊరుకొనుట తగదు. 17వ శతాబ్దిలో కోరమండల్ తీరాన కరవు వచ్చినపుడు మనుషులు చౌకగా దొరికేవారు. డచ్చి వర్తకులు వారిని కొని ఓడలలో బటేవియాకు పంపేవారు. నైజాం పాలనలోని తెలంగాణాలో దొరలు కూతురికి పెండ్లి చేసి పంపునపుడు వెంట దాసీపిల్లలను కూడ పంపేవారు. వారే ఆడబాపలు. ఇక ఎల్లమ్మ పేరనో పోచమ్మ పేరనో దళిత బాలికకు తాళి కట్టించి, ఆమెను గ్రామ పెద్దల పాలు చేసే ఆచారానికి తెలంగాణాలో జోగిని అని, రాయలసీమలో బసివి అని, చిత్తూరు ప్రాంతంలో మాతమ్మ అని పేర్లు. పేరు మారినా పిల్ల ఎప్పుడూ ఆ వాడ పిల్లే.

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో 1927 నుండి చేసిన కృషి ఫలితంగా 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చినది. నైజాం ప్రాంతానికి అది వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి వర్తించే చట్టం రావడానికి 1988 దాకా పట్టినది. ఆ దశాబ్దంలోనే హేమలతా లవణం, ఆమె భర్త లవణం నిజామాబాదు జిల్లా పల్లెలలో జోగినుల నడుమ పనిచేశారు. చట్టం ఆచారాన్ని నేరమన్నది; కాని అప్పటికే జోగినియైన తల్లికి జీవనాధారం చూపడం, ఆమె బిడ్డకు ఊరిలో చోటు ఇవ్వడం వేరే పని. ఆ బిడ్డను బడిలో చేర్చడానికి వెళ్ళిన తల్లిని గుమాస్తా మొట్టమొదట అడుగుతూ వచ్చినది తండ్రి పేరు. ఊరందరికీ తెలిసిన ఆ పేరును ఆమె పైకి చెప్పరాదు.