తెరపై పుట కదిలే తీరు
(ప్లాటినం జూబిలీ సభలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు తెరపై పుట కదలడమనే చిన్న విషయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. చదువరి పట్ల మనకుండవలసిన బాధ్యత అందులో ఇమిడి ఉన్నది.

మన పాఠశాల 75 సంవత్సరాల చరిత్రను ఒకే పొడవైన వెబ్ పుటగా కూర్చామనుకోండి. పైన ఉన్న విషయసూచికలో ఒక శీర్షికను నొక్కగానే తెర ఒక్క గెంతులో ఆ భాగానికి చేరుతుంది. ఎంత దూరం వచ్చినదీ, పైకి వచ్చినదీ కిందికి వచ్చినదీ చదువరికి బోధపడదు. పుస్తకంలోనైతే వేళ్ల కింది కాగితాల మందమే ఆ సంగతి తెలుపుతుంది. తెరపై ఆ పనిని మృదువైన కదలిక చేయాలి.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ భాష ఇందుకు సాధనం. సూత్రం చలనచిత్రానిదే. 1,200 పిక్సెళ్ల దూరాన్ని అర సెకనులో దాటాలనుకుందాం. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై మనకు 30 చిత్రాలు లభిస్తాయి. సమంగా పంచితే చిత్రానికి 40 పిక్సెళ్లు. కాని అట్టి కదలిక చివర గోడకు తగిలినట్లు ఆగిపోతుంది. స్టేషను చేరే రైలు వేగం తగ్గించుకుంటూ నిలుస్తుంది గదా!

దానికి మీరు తెలుగులో నేర్చిన గణితమే చాలును. మొత్తం కాలంలో ఇంకా మిగిలిన భిన్నాన్ని ఘనం చేసి ఒకటి నుండి తీసివేయండి. సగం కాలం గడిచినప్పుడు ఎనిమిదింట ఏడు వంతులు, అనగా 1,050 పిక్సెళ్లు దాటి ఉంటాము. తక్కిన 150 పిక్సెళ్లు నెమ్మదిగా సాగుతాయి. అయితే చిత్రాలను లెక్కించరాదు, కాలాన్నే కొలవాలి. ‘రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్’ అనే ఆదేశం ప్రతి చిత్రానికి ముందు కాలాన్ని మనకు అందిస్తుంది. అప్పుడు మందకొడి యంత్రం తక్కువ చిత్రాలు చూపినా, గమ్యాన్ని వేళకే చేరుతుంది.

2006లో జాన్ రెసిగ్ వెలువరించిన జేక్వెరీ ఈ శ్రమను ఒక పంక్తికి తగ్గించింది. 2022లో సఫారీ కూడా చేరడంతో, ఈనాడు ప్రధాన బ్రౌజర్లన్నీ ‘స్క్రోల్ బిహేవియర్’ అన్న ఒక్క నియమంతో ఈ పని తామే చేస్తున్నాయి.

ఇక ముఖ్యమైన మాట. లోచెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిన్నవారికి తెర అంతా కదిలితే తల తిరుగుతుంది, వికారం కలుగుతుంది. అట్టివారు తమ యంత్రంలో కదలిక తగ్గించమని ముందే కోరుకోవచ్చు. ‘ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్’ అన్న ప్రశ్నతో మన ప్రోగ్రాము ఆ కోరికను తెలుసుకొని, వారికి పాత గెంతునే ఇవ్వాలి. పుట కదులుతుండగా చదువరి మౌస్ చక్రం తిప్పితే మన కదలిక వెంటనే ఆగిపోవాలి. కీబోర్డుతో చదివేవారికై దృష్టిస్థానాన్ని కూడా ఆ శీర్షికకే చేర్చాలి.

మన చరిత్రపుటను రేపు తెరిచేవారిలో తొలినాటి విద్యార్థులైన వృద్ధులుంటారు, చూపు మందగించినవారుంటారు. వారిని మనసులో ఉంచుకొని ఆ పుటను మీరే నిర్మించవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.