ఒకే పేరు గల నదులు



మహేంద్రతనయ యనగా మహేంద్రగిరి కుమార్తె. ఆ గిరికి ఈ పేరు గల కుమార్తెలు ఇద్దరు కలరు. ఒకతె పర్లాకిమిడి మీదుగా ప్రవహించి, మెళియాపుట్టి మండలమున చాపర ప్రక్కగా సాగి వంశధారలో కలియుచున్నది. రెండవ యామె సోంపేట ప్రాంతము మీదుగా వచ్చి బారువ వద్ద తానే సముద్రమును చేరుచున్నది. తండ్రి యొక్కడే, పేరొక్కటే. దారులు వేరు, నీరు వేరు.

ఇచ్ఛాపురము కడ ప్రవహించు బాహుదకును ఇట్టి పేరింటి తోబుట్టువు గలదు. అది చిత్తూరు జిల్లాలో కాణిపాకము చెంత నున్నది. అన్న ఆశ్రమములోని పండ్లను అడుగక తిని, రాజదండనమున చేతులు కోల్పోయిన లిఖితుడు బాహుదలో మునిగి వానిని మరల పొందెనని భారతము శాంతిపర్వమున గలదు. బాహువుల నొసగినది గావున బాహుద. పుణ్యకథతో కూడిన పేరు ఒక్కచోట నిలువదు.

అన్యదేశములందును ఇంతియే. ఇంగ్లండులో ఏవన్ అను నదులు పెక్కు గలవు. షేక్స్పియరు పుట్టిన యూరు ఒక యేవన్ ఒడ్డున, బ్రిస్టలు నగరము మరియొక దాని యొడ్డున నున్నవి. ఆ దేశపు పూర్వజనుల భాషలో ఆ మాటకు నది యనియే యర్థము; పిదప వచ్చినవారు దానినే పేరుగా గ్రహించిరి. కొలరాడో యను నదులు అమెరికా సంయుక్త రాష్ట్రములందు రెండు, అర్జెంటీనాలో ఒకటి కలవు. స్పానిషు భాషలో అది ఎఱ్ఱనిదను అర్థము గల మాట.

ఇది వినోదమునకు మాత్రమే చెప్పుకొను ముచ్చట కాదు. పలాస, టెక్కలి ప్రాంతముల పొలములకై 2008లో శంకుస్థాపన జరిగిన రేగులపాడు ఆఫ్‌షోర్ జలాశయము మహేంద్రతనయ పథకమే. ఆ పేరు విన్న బారువ రైతు తన యేటికే ఆనకట్ట వచ్చునని భ్రమపడవచ్చును. కాని యది చాపర మహేంద్రతనయకు సంబంధించినది. వరద వార్త విన్నప్పుడును పొంగినది ఏ మహేంద్రతనయయో తెలియకున్న ఒక యూరు వృథాగా బెదరును, వేరొక యూరు ఏమరియుండును. మూత్రపిండ వ్యాధితో బాధపడు ఉద్దానమునకు 2023 డిసెంబరులో ప్రారంభమైన పథకమున హిరమండలము నుండి వంశధార నీరు గొట్టముల ద్వారా వచ్చినది. ఇట్టి సీమలో ఏ నీరు ఏ నదిదో ఎరుగుట ప్రాణముతో కూడిన పని.

కావున అర్జీ వ్రాయువారు నది పేరుతోపాటు ఊరి పేరును చేర్చి వ్రాయవలెను. గ్రంథాలయపు గోడపై జిల్లా పటమును వ్రేలాడదీసి, ఈ యిద్దరు కుమార్తెలను పిల్లలకు వ్రేలితో చూపవలెను. పేరు నది వంశమును తెలుపును. దాని దారిని తెలుపునది పటమే.